ప్రోగ్రామ్‌కి తానెక్కడుందో తెలియదు

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి, నేను రాసిన ప్రోగ్రామ్ 43 మంది రైతులకు ఎస్ఎంఎస్ పంపింది. అందరికీ ఒకటే అంకె. మీ బాకీ 99,999 రూపాయలు, దయచేసి చెల్లించగలరు అని. ఆ 43 మందిలో ఒక్కరి బాకీ కూడా అంత లేదు.

మాది వైరా. ఖమ్మం నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ మా మామయ్యకి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. చుట్టుపక్కల రైతులు వానాకాలం మొదట్లో ఉద్దెర తీసుకెళ్లి, పత్తో మిర్చో అమ్ముకున్నాక కడతారు. ఆ లెక్కలన్నీ ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో ఉండేవి. సెకండియర్‌లో వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకున్న ఉత్సాహంలో నేను ఆ పుస్తకాన్ని వెబ్ అప్లికేషన్‌గా మార్చాను. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, ఎంత మిగిలింది, నెలకోసారి గుర్తుచేసే ఎస్ఎంఎస్. అంతే. క్లౌడ్‌లో చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని పెట్టాం. నాలుగు నెలలు బాగానే నడిచింది.

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి కారణం, ఆ రాత్రి జరిగిన తప్పు నా లాజిక్‌లో లేదు. కోడ్ కరెక్టే. తప్పు కాన్ఫిగరేషన్‌లో ఉంది. మన క్లాసుల్లో అల్గారిదమ్స్ చెప్తారు, డేటాబేస్ నార్మల్ ఫామ్స్ చెప్తారు, కాన్ఫిగరేషన్ గురించి మాత్రం ఎవరూ గంటసేపు కూర్చోబెట్టి చెప్పరు. అందుకే నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఇక్కడ పెడుతున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. భాషలో ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

అసలు కాన్ఫిగరేషన్ అంటే ఏంటి?

వైరా అనగానే అందరికీ గుర్తొచ్చేది రిజర్వాయర్. నిజాం కాలంలో, 1930లో కట్టింది. నీటిమట్టం 18.3 అడుగులకు వస్తే నిండినట్టు. ఆ పైన వచ్చిన నీళ్లు అలుగు మీదుగా పోతాయి. ఆ 18.3 అనేది కట్టడంలోనే ఉన్న అంకె. దాన్ని మార్చాలంటే ఇంజినీర్లు రావాలి, సిమెంటు పని చేయాలి. కానీ ఈ వారం పొలాలకు ఎన్ని నీళ్లు వదలాలి అనేది వేరే సంగతి. దానికి తూము ఉంది, తూముకు షట్టర్ ఉంది. నాట్లప్పుడు ఎక్కువ ఎత్తుతారు, వాన పడితే దించుతారు. దానికోసం ఎవరూ కట్ట తవ్వరు.

ప్రోగ్రామ్‌లో కోడ్ కట్ట లాంటిది. కాన్ఫిగరేషన్ షట్టర్ లాంటిది. డేటాబేస్ అడ్రస్‌ని కోడ్ మధ్యలో రాసేస్తే, అంటే మనం హార్డ్‌కోడ్ అంటామే, అది నీళ్లు వదలాల్సిన ప్రతిసారీ కట్టకి గండి కొట్టడమే.

కొంచెం పద్ధతిగా చెప్పాలంటే: ఒకే కోడ్ వేర్వేరు చోట్ల నడిచినప్పుడు ఏది మారుతుందో అది కాన్ఫిగరేషన్. హెరోకూ అనే క్లౌడ్ కంపెనీ ఇంజినీర్లు 2011 ప్రాంతంలో 'ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్' పేరుతో పన్నెండు సూత్రాలు రాశారు. అందులో మూడోది దీని గురించే. వాళ్లు చెప్పే పరీక్ష చాలా సింపుల్. మీ కోడ్ మొత్తాన్ని ఈ నిమిషంలో లోకమంతా చూసేలా పెట్టేస్తే, ఒక్క పాస్‌వర్డ్ అయినా బయటపడుతుందా? పడుతుందంటే కాన్ఫిగరేషన్ ఇంకా కోడ్‌లోనే కూర్చుని ఉందని అర్థం. నా ప్రాజెక్టు ఈ పరీక్ష పాసైంది. అయినా మెసేజ్‌లు వెళ్లాయి. ఎందుకో చెప్తా.

మూడు చోట్లు

వెబ్ అప్లికేషన్ మామూలుగా మూడు చోట్ల బతుకుతుంది. ఒకటి డెవలప్‌మెంట్, అంటే మన ల్యాప్‌టాప్. ఇష్టమొచ్చినట్టు పాడుచేసుకునే చోటు. రెండోది స్టేజింగ్. నాటకానికి రిహార్సల్ లాంటిది. అదే డైలాగులు, అదే వేషం, కానీ ఎదురుగా టికెట్ కొన్నవాళ్లు లేరు. మూడోది ప్రొడక్షన్. అసలు ప్రదర్శన. ఇక్కడ పొరపాటు చేస్తే జనం చూస్తారు.

మా షాపు అప్లికేషన్‌కి ఈ మూడింట్లో మారాల్సినవి ఇవి:

డేటాబేస్ అడ్రస్: ల్యాప్‌టాప్‌లో ఉత్తుత్తి డేటా, స్టేజింగ్‌లో పేర్లు, నంబర్లు మార్చిన డేటా, ప్రొడక్షన్‌లో అసలు ఖాతాలు.
ఎస్ఎంఎస్ తాళంచెవి (ఏపీఐ కీ): ల్యాప్‌టాప్‌లో ఉండకూడదు, స్టేజింగ్‌లో టెస్ట్ కీ, ప్రొడక్షన్‌లో అసలు కీ.
ఎస్ఎంఎస్ పంపాలా: వద్దు, నా ఫోన్‌కి మాత్రమే, అందరికీ.
డీబగ్: ఆన్, ఆఫ్, ఆఫ్. ప్రొడక్షన్‌లో డీబగ్ ఆన్ ఉంచితే ఎర్రర్ వచ్చినప్పుడు కోడ్ ముక్కలు, ఫైళ్ల దారులు చూసేవాళ్లందరికీ కనిపిస్తాయి.
టైమ్ జోన్: మూడింట్లోనూ భారత కాలమానం, కానీ తప్పనిసరిగా రాసి చెప్పాలి.

ఈ చివరిది ఎందుకంటే, క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీ సమయంలో ఉంటాయి. మనకీ దానికీ ఐదున్నర గంటల తేడా. పొద్దున్న ఆరింటికి వెళ్లాల్సిన మెసేజ్ పదకొండున్నరకి వెళ్తోందని మామయ్య చెప్పేదాకా నాకు తెలియలేదు. ల్యాప్‌టాప్‌లో కరెక్టుగా వెళ్లేది మరి. తెలుగు అక్షరాలతో కూడా ఇదే బాధ. ఒక డేటాబేస్ యూటీఎఫ్-8లో ఉండి, ఇంకోటి పాత లాటిన్ క్యారెక్టర్ సెట్‌లో ఉంటే రైతు పేరు కాస్తా ప్రశ్నార్థకాల వరుసగా మారిపోతుంది. ఇలాంటివి కాకతాళీయంగా ఒకేలా ఉన్నాయిలే అని వదిలేయకూడదు. రాసి ఉంచాలి.

అన్నీ కాన్ఫిగ్ కాదు: మా ఇంటి ముందు మూడు బండ్లు

ఒకసారి కాన్ఫిగ్ గురించి తెలిశాక ఇంకో జబ్బు పట్టుకుంటుంది. కనిపించిన ప్రతి అంకెనీ, ప్రతి మాటనీ కాన్ఫిగ్ ఫైల్‌లో పడేయడం. నేనూ అదే చేశా. అది తప్పని మా ఇంటి ముందున్న బండ్లు చూశాక అర్థమైంది.

మామయ్య పాత బైక్ నంబర్ ఏపీ 20తో మొదలవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా కోడ్ అది. నాన్న బండి టీఎస్ 04. 2014లో తెలంగాణ వచ్చాక మారిన కోడ్. మా అక్క కొత్త స్కూటీ టీజీ 04. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది కదా. ఒకే వాకిట్లో పదేళ్ల చరిత్ర మూడు ప్లేట్ల మీద ఉంది.

డెలివరీ బండి నంబర్ ఎంటర్ చేసే చోట నేను 'టీఎస్‌తో మొదలవ్వాలి' అని కోడ్‌లో రాశా. అక్క స్కూటీ నంబర్ కొడితే తీసుకోలేదు. సరేనని ఆ రెండక్షరాలు తీసి కాన్ఫిగ్‌లో పెట్టి టీజీ చేశా. అప్పుడు నాన్న బండి తీసుకోవడం మానేసింది! ఎందుకంటే అది కాన్ఫిగే కాదు. ల్యాప్‌టాప్‌లో నడిచినా సర్వర్‌లో నడిచినా రాష్ట్రం కోడ్‌లు అవే. చోటును బట్టి మారట్లేదు, కాలాన్ని బట్టి మారుతోంది. పాతవీ కొత్తవీ రెండూ ఒకేసారి చెల్లుతాయి. అలాంటిదాని స్థానం డేటాబేస్‌లో ఒక టేబుల్.

జిల్లాల జాబితా కూడా అంతే. మా వైపు వాళ్లకి ఇది బాగా తెలుసు. చింతూరు ఒకప్పుడు మా ఖమ్మం జిల్లానే. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు తూర్పుగోదావరికి వెళ్లింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇక్కడ మాకు 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లాగా విడిపోయింది. ఊరు కదల్లేదు, అడ్రస్ మారింది. ఆ జాబితాని కోడ్‌లో రాసుకున్న ప్రతి ప్రోగ్రామర్‌కీ అప్పుడు పని పడే ఉంటుంది.

కాబట్టి నేను పెట్టుకున్న లెక్క ఇది. ఎక్కడ నడిచినా, ఎప్పుడు నడిచినా మారనిది కోడ్. ఎక్కడ నడుస్తోందో దాన్ని బట్టి మారేది కాన్ఫిగ్. కాలంతో మారేది, షాపువాళ్లే మార్చుకోగలగాల్సినది డేటా. డీఏపీ బస్తా రేటు డేటా. బాకీ కూడటం కోడ్. ఏ డేటాబేస్‌లో కూడాలి అనేది కాన్ఫిగ్.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: నాలుగు గుణాలు

కాన్ఫిగ్‌ని ప్రోగ్రామ్‌కి అందించే మామూలు దారి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ దాని చేతికిచ్చే చిన్న చీటీల కట్ట అనుకోండి. ఒక్కో చీటీ మీద ఒక పేరు, ఒక విలువ. వీటికి నాలుగు గుణాలున్నాయి. ఇవి తెలియకే నేను మునిగాను.

ఒకటి, చీటీలు మొదట్లోనే ఇస్తారు. ప్రోగ్రామ్ నడుస్తుండగా బయట విలువ మారిస్తే దానికి తెలియదు. రీస్టార్ట్ చేయాలి.

రెండు, మనం ప్రాజెక్టు ఫోల్డర్‌లో పెట్టుకునే డాట్ ఎన్వ్ ఫైల్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ సంబంధం లేదు. ఒక లైబ్రరీ ఆ ఫైల్ చదివి చీటీల్లో కలుపుతుంది. అదే పేరుతో చీటీ ముందే ఉంటే, చాలా లైబ్రరీలు దాన్ని అలాగే ఉంచి ఫైల్‌లోని విలువని పక్కన పెట్టేస్తాయి. ఫైల్ మార్చినా ఏం మారట్లేదేంటని జుట్టు పీక్కునేది ఇందుకే.

మూడు, బ్రౌజర్‌లోకి వెళ్లేది ఏదీ రహస్యం కాదు. రియాక్ట్ లాంటి వాటిలో బిల్డ్ చేసేటప్పుడు ఇచ్చిన విలువలు ఆ జావాస్క్రిప్ట్ ఫైల్‌లోనే అచ్చయిపోతాయి. ఎవరైనా తెరిచి చూడొచ్చు.

నాలుగు, అన్నీ అక్షరాలే. చీటీ మీద 5 అని రాసినా అది అంకె కాదు, '5' అనే స్ట్రింగ్. ఫాల్స్ అని రాసినా అది ఫాల్స్ కాదు. ఐదక్షరాల ఇంగ్లిష్ మాట. పైథాన్‌లో ఖాళీగా లేని ఏ స్ట్రింగ్ అయినా ట్రూ కిందే లెక్క. జావాస్క్రిప్ట్‌లోనూ అంతే.

ఈ నాలుగో దగ్గరే నా కథ జరిగింది.

ఆ రాత్రి

బాకీ అంకె ఐదు స్థానాలు ఉంటే టేబుల్‌లో సరిగ్గా పడుతుందా అని చూద్దామనుకున్నా. కొత్త ల్యాప్‌టాప్, ఇంకా సెటప్ చేయలేదు. సర్వర్‌లో పనిచేస్తున్న డాట్ ఎన్వ్ ఫైల్‌నే తెచ్చి పెట్టుకున్నా. పనిచేస్తున్న ఫైల్ కదా, అన్నీ ఉంటాయి అని. అందులో అసలు ఎస్ఎంఎస్ కీ కూడా ఉంది. డేటాబేస్ అడ్రస్ మాత్రం జాగ్రత్తగా నా ల్యాప్‌టాప్‌కి మార్చా. కానీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది అసలు డేటాబేస్ కాపీ. అసలు ఫోన్ నంబర్లు. అందరి బాకీ 99,999 చేశా. 'ఎస్ఎంఎస్ పంపాలా' దగ్గర ఫాల్స్ అని పెట్టా. రిమైండర్ బటన్ నొక్కా.

కోడ్‌లో నేను రాసింది 'ఈ విలువ ట్రూ అయితే పంపు' అని. ఫాల్స్ అనే మాట ఖాళీ కాదు కాబట్టి ట్రూ అయింది. పంపేసింది.

చూడగానే టెస్ట్ మెసేజ్ అని తెలిసేలా ఉన్నా బాగుండేది. కానీ మన దేశంలో వ్యాపారం వాళ్లు పంపే ఎస్ఎంఎస్ వాక్యాన్ని ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేసుకోవాలి. ఖాళీల్లో పేరు, అంకె మాత్రమే మారతాయి. అందుకని నా ఉత్తుత్తి అంకె, షాపు పేరుతో, ప్రతి నెలా వచ్చే అదే మర్యాదైన వాక్యంలో కూర్చుని వెళ్లింది. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద '43 మెసేజ్‌లు పంపబడ్డాయి' అని వచ్చింది. అది కూడా ఉత్తుత్తిదే అనుకుని పడుకున్నా.

పొద్దున ఏడింటికి మామయ్య ఫోన్. "అల్లుడూ, ఏం చేసినవ్‌రా? తెల్లారేసరికి ఎనిమిది మంది చేశారు ఫోన్."

ఇద్దరం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాం. కొందరు నవ్వారు. ఒకాయన తిట్టాడు. నలుగురి ఫోన్లు కలవలేదు. ఆ నలుగురిలో ఒక పెద్దాయన పది గంటలకు ఏన్కూరు వైపు నుంచి ఆటో ఎక్కి షాపుకొచ్చాడు. ఆయనకి చదువు రాదు. రాత్రి పక్కింటి పిల్లాడితో మెసేజ్ చదివించుకున్నాడట. చేతిలో పాలిథిన్ కవరు, అందులో రెండేళ్ల నుంచి మా షాపు ఇచ్చిన బిల్లు చీటీలు. అన్నీ. మడతలు విప్పి కౌంటర్ మీద వరసగా పెట్టాడు.

"నాది పన్నెండు వేలేగదా అయ్యా. ఏడ తప్పు పోయిందో మీరే సూడండి. రాత్రి నాకు నిద్ర లేదు."

"తప్పు నీది కాదు పెద్దాయనా, మా పిల్లోడిది," అన్నాడు మామయ్య.

నేను ఆయన చీటీలన్నీ ముందుపెట్టుకుని కాలిక్యులేటర్‌తో కూడాను. 12,640. కడుపులో ఏదోలా అయింది. సారీ తాతా అన్నా. ఆయన కోప్పడలేదు. చీటీలు మళ్లీ మడతపెట్టుకుంటూ, "మిషిను సెప్పిందంటే నిజమేనేమో అనుకున్నా," అన్నాడు.

పంట అప్పు మీద బతికే ఊళ్లలో బాకీ మెసేజ్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. నాకది టెస్ట్ డేటా. ఆయనకది రాత్రంతా నిద్ర లేకుండా చేసిన అంకె. ఆరోజే నాకు ఒక విషయం పట్టుబడింది. ప్రోగ్రామ్‌కి తానెక్కడుందో తెలియదు. నా గదిలో ఉన్నానా, షాపులో ఉన్నానా అనే తేడా దానికి లేదు. చేతికిచ్చిన చీటీలే దానికి లోకం. ప్రొడక్షన్ చీటీలు ఇస్తే ల్యాప్‌టాప్‌లో ఉన్నా అది ప్రొడక్షనే.

పెద్దవాళ్లకీ తప్పలేదు

నేను పిల్లోణ్ని కాబట్టి ఇలా అయింది అనుకోకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీలో కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉంటే ఏడింటిలోనే పెట్టారు. ఎనిమిదోది మిగిలిపోయింది. కొత్త పనిని ఆన్ చేయడానికి వాళ్లు తీసుకున్న ఫ్లాగ్, ఎన్నో ఏళ్ల కింద వాడటం మానేసిన ఒక పాత ఫంక్షన్‌ది. ఫ్లాగ్ ఆన్ చేయగానే ఏడు సర్వర్లకి అది కొత్త అర్థం, ఎనిమిదో సర్వర్‌కి పాత అర్థం. అది ఆగకుండా ఆర్డర్లు పెడుతూ పోయింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరుసటి ఏడాది ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది. దీన్నించి నేను నేర్చుకున్న నియమం: పాత సెట్టింగ్ పేరుకి కొత్త అర్థం ఎప్పుడూ ఇవ్వొద్దు. కొత్త పేరు పెట్టు, పాతదాన్ని, దాని కోడ్‌తో సహా తీసెయ్.

తాళంచెవుల సంగతికి ఉబర్ ఉదాహరణ. 2016లో ఆ కంపెనీ ఇంజినీర్ల ప్రైవేట్ గిట్‌హబ్ రిపాజిటరీలోకి బయటివాళ్లు దూరారు. అందులో అమెజాన్ క్లౌడ్ కీ దొరికింది. దాంతో 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు తీసుకున్నారు. కంపెనీ ఈ సంగతి 2017 నవంబర్‌లో గానీ బయటపెట్టలేదు. రిపాజిటరీ ప్రైవేట్‌గా ఉందిలే అనే ధైర్యం పనికిరాదని దీనర్థం. ఇంకో మాట. కీ ఉన్న ఫైల్‌ని పొరపాటున గిట్‌లో కమిట్ చేసి, తర్వాత డిలీట్ చేసి మళ్లీ కమిట్ చేసినా ప్రయోజనం లేదు. పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. చేయాల్సిన మొదటి పని ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. తాళంచెవి పోతే తాళం మారుస్తాం కదా, అలాగే.

నేను మార్చినవి

ఆ వారమంతా కూర్చుని చేసిన మార్పులు ఇవి. ఏదీ కష్టమైంది కాదు. మొత్తం కలిపి వంద లైన్లు కూడా లేవు.

అసలు కీ ల్యాప్‌టాప్‌లో ఉండదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఫ్లాగ్ తప్పు కావచ్చు, కోడ్ తప్పు కావచ్చు. కీ లేకపోతే మెసేజ్ వెళ్లే దారే లేదు. పాత కీ రద్దు చేయించి, కొత్తది సర్వర్‌లోనే పెట్టా.

కాన్ఫిగ్ మొత్తం ఒకే చోట చదువుతా. ఇంతకుముందు ఇరవై ఫైళ్లలో ఎక్కడ కావాలంటే అక్కడ చదివేవాణ్ని. ఇప్పుడు ఒక ఫైల్‌లో, ప్రోగ్రామ్ మొదలవగానే, అన్ని విలువలూ చదివి సరిచూస్తా. అవును, కాదు అనే విలువల్లో రెండే మాటలు ఒప్పుకుంటా. మూడోది వస్తే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. పోర్ట్ అంకె కాకపోతే ఆగిపోతుంది. డేటాబేస్ అడ్రస్ లేకపోతే ఆగిపోతుంది. ఆ ఆగినప్పుడు ఏ పేరు లోపించిందో స్పష్టంగా చెప్తుంది.

ప్రమాదమైనదానికి డిఫాల్ట్ విలువ లేదు. ఏమీ చెప్పకపోతే ఎస్ఎంఎస్ పంపదు. 'చెప్పలేదు కాబట్టి ప్రొడక్షన్ అనుకుంటా' అని ప్రోగ్రామ్ ఎప్పుడూ అనుకోకూడదు.

'ఇది ప్రొడక్షనా?' అని కోడ్‌లో అడగను. 'ఎస్ఎంఎస్ ఎవరికి పంపొచ్చు?' అని అడుగుతా. మొదటి ప్రశ్న కోడ్‌లో యాభై చోట్ల చేరితే, రేపు నాలుగో చోటు వచ్చినప్పుడు యాభై చోట్లా వెతకాలి. ప్రొడక్షన్ కానిచోట పంపడానికి అనుమతి ఉన్న నంబర్ల జాబితాలో నా నంబర్ ఒక్కటే ఉంది.

అసలు డేటా కాపీ చేసుకోను. పేర్లు, నంబర్లు మార్చేసే చిన్న స్క్రిప్ట్ రాశా. అది నడిచాకే డేటా సర్వర్ దాటి బయటికొస్తుంది.

ఖాళీ నమూనా ఫైల్ గిట్‌లో ఉంటుంది. డాట్ ఎన్వ్‌ని గిట్ ఇగ్నోర్‌లో పెట్టి, దాని పక్కనే పేర్లు మాత్రమే ఉండి విలువలు లేని నమూనా ఫైల్ పెట్టా. ప్రతి పేరు పక్కన తెలుగులో ఒక వాక్యం. కొత్త ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టాలంటే సర్వర్ ఫైల్ తెచ్చుకునే అవసరం ఇక లేదు. నిజానికి ఈ నమూనా ఫైల్ అప్పుడే ఉండి ఉంటే ఆ రాత్రి నేను అసలు ఫైల్ జోలికి వెళ్లేవాణ్నే కాదు.

స్క్రీన్ పైన రంగు పట్టీ. ల్యాప్‌టాప్‌లో పసుపు పట్టీ, 'ఇది ప్రయోగం' అని. సర్వర్‌లో ఆకుపచ్చ, 'అసలు ఖాతా' అని. ఇది ప్రోగ్రామ్ కోసం కాదు, నా కోసం. రాత్రి పదింటికి నిద్రమత్తులో ఉన్నవాడికి ఫైల్‌లో ఉన్న అక్షరం కనిపించదు, రంగు కనిపిస్తుంది.

ప్రతి మార్పూ ఒక పుస్తకంలో. సర్వర్‌లో ఏ సెట్టింగ్ ఎప్పుడు, ఎందుకు మార్చానో రాసిపెడతా. విలువ రాయను, పేరు, కారణం మాత్రమే. పెద్ద టీముల్లో దీనికి టూల్స్ ఉంటాయి, రహస్యాలు దాచే సర్వీసులుంటాయి. ఒక షాపుకి ఒక నోట్‌బుక్ చాలు.

వేరేవాళ్లు వాడే ప్రాజెక్టు ఏదైనా మీ చేతిలో ఉంటే, చిన్నదైనా సరే, ఈ వారం మూడు పనులు చేసి చూడండి. మొదటిది, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న కీలన్నీ ఒక కాగితం మీద పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన 'ఇది ఇక్కడ ఎందుకుంది?' అని అడగండి. రెండోది, ఒక సెట్టింగ్ తీసేసి ప్రోగ్రామ్ మొదలుపెట్టండి. ఆగి, ఏది లేదో చెప్పిందా, లేక ఏదో ఒకటి అనుకుని ముందుకెళ్లిపోయిందా? మూడోది, అవును, కాదు అని ఉండే ప్రతి సెట్టింగ్‌లో ఫాల్స్ పెట్టి, నిజంగా ఆగుతోందో లేదో కళ్లతో చూడండి. నా ఐదక్షరాల మాట మీ దగ్గర కూడా దొరకొచ్చు.

జూన్‌లో మొదటి వాన పడ్డాక ఆ పెద్దాయన డీఏపీ కోసం మళ్లీ షాపుకొచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు. రెండు బస్తాలు రాయించుకున్నాక, "ఏదీ, నాది ఆ మిషిన్‌లో ఎంతుందో సూపియ్యి," అన్నాడు. ఆకుపచ్చ పట్టీ ఉన్న స్క్రీన్ తిప్పి చూపించి, అంకె చదివి చెప్పా. ఆయన తలూపాడు. తర్వాత కవరు తీసి, ఆరోజు బిల్లు చీటీ కూడా మడతపెట్టి మిగతా చీటీలతో పాటు లోపల పెట్టుకున్నాడు.